నీళ్ళూ పిప్పీ

జ్వరం తగ్గిపోయిన తరువాత మా అత్తకు అన్నం పడకుండా పోయింది. పడకపోవడమంటే కడుపులో ఇమడకపోవడం కాదు. ఉడికిన వాసన తగిలితే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి బయటికి పోయేది.

ఆమె నాకు రెండు విధాలా అత్త. మా నాయనకు అక్క, నా భర్తకు అమ్మ. మేనరికం చేసుకుని ఉదయగిరికి వచ్చాను. పెళ్ళికి ముందు కూడా సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిపినదాన్ని కాబట్టి కోడలినన్న భయం నాకు లేదు, అత్తనన్న బెట్టు ఆమెకు లేదు. కొండ వైపు వీధిలో మాది చివరి ఇల్లు. మా బావ బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. బస్టాండుకు పోయే దారిలో రేకుల షెడ్డు ఉంది. వేసవి వచ్చిందంటే ఆయనకు తీరిక ఉండదు. నీళ్ళు అడుక్కు దిగిపోయే కొద్దీ మోటార్లు కాలిపోతుంటాయి.

అత్త వయసులో ఉన్నప్పుడు మా వీధికి కొళాయి లేదు. కొండ కింది బావి నుంచి బిందె మీద బిందె పెట్టి మోసుకొచ్చేది. ఇప్పటికీ ఆమెకు నడినెత్తిన వెంట్రుకలు పలచగా ఉంటాయి. అంత బరువులు మోసిన మనిషి, ఏనాడూ తలనొప్పని పడుకోనిది, వానలు వెనకబట్టాక వచ్చిన ఆ విషజ్వరానికి మంచం పట్టింది. మందులకు జ్వరం దిగింది. దిగాక మెత్తగా అన్నం వండి, చారు పోసి, పిసికి పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. ముద్ద నోటి దాకా పోయింది, తిరిగి పళ్ళెంలోకి వచ్చింది.

"ఏందత్తా?"

"వాసన వస్తుండాది పాపా."

"ఏం వాసన? ఇప్పుడే దించినాను."

"ఉడికిన వాసన," అంది.

రాగిజావ కలిపాను. ఇడ్లీ చేశాను. కాచిన పాలు, చివరికి టీ కూడా ఇచ్చి చూశాను. రోజంతా టీ తాగే మనిషి గ్లాసు మూతి దగ్గరికి తీసుకుని పక్కన పెట్టేసింది. కుక్కర్ కూత వేసిందంటే వీధి అరుగు మీదికి పోయి కూర్చునేది. గాలి ఇటు తిరిగితే అరుగు ఆ కొసకు జరిగేది. మా బావ మొదట్లో దీన్ని చాదస్తమనుకున్నాడు. "నాలుగు దినాలు పోతే ఆకలి దానంతటదే పుడతాదిలే," అన్నాడు. పుట్టలేదు. రవికెలు భుజాల మీద నుంచి జారడం మొదలైంది.

ఒక సాయంత్రం పప్పులోకని దోసకాయ కోస్తున్నాను. చేదుందేమోనని కొస ముక్క నాలుక మీద పెట్టుకుంటుంటే అత్త వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నాకొక ముక్క ఇయ్యి."

ఆమెకు పళ్ళు లేవు. ఎప్పుడో అన్నీ పీకించుకుంది. కట్టుడు పళ్ళున్నాయి గాని, జ్వరంలో దవడలు పీక్కుపోయి అవి నిలవడం లేదు. ముక్కను బుగ్గన పెట్టుకుని చాలాసేపు చప్పరించింది. కళ్ళు మూసుకుంది. సారం పోయాక మిగిలింది చేతిలోకి ఊసి, "ఇంకోటి ఇయ్యి," అంది. ఆ సాయంత్రం పప్పులోకి దోసకాయ మిగల్లేదు.

అప్పుడు అర్థమైంది నాకు. తినాలని ఆమెకు ఉంది. పొయ్యి ఎక్కనిది ఏదైనా సరే తింటుంది. నమలడానికి పళ్ళు లేవు, అంతే.

మరుసటి పొద్దున క్యారెట్లు కడిగి, చెక్కు తీసి, మా ఇంటి మిక్సీలో వేసి తిప్పాను. అత్త ఒక గుక్క తాగి గ్లాసు నా చేతికిచ్చింది.

"ఇది చట్నీ."

"క్యారెట్ అత్తా. వేరే ఏం వెయ్యలేదు."

"తెల్లగడ్డ వాసన, ఎండుమిరపకాయ వాసన. పైగా వెచ్చగా ఉండాది."

జార్ వాసన చూశాను. నాకేమీ తెలియలేదు. సబ్బు పెట్టి, నిమ్మచెక్క రుద్ది, ఎండలో పెట్టి మళ్ళీ తిప్పాను. అయినా కనిపెట్టింది. ఎన్నో ఏళ్ళుగా ఆ జార్లో చేసిన చట్నీలన్నీ ఆమె ముక్కుకు వరసగా కనబడుతున్నట్టుంది. వెచ్చదనం మాత్రం నిజమే. గ్లాసు పట్టుకుంటే నా చేతికీ తగిలింది. తిరగలి రాయి తిరిగినా వేడి పుడుతుంది, ఇంత జోరుగా తిరిగే బ్లేడుకు పుట్టదా అన్నాడు మా బావ. ఆయన అప్పటికే ఈ సంగతిలోకి దిగిపోయాడు. మోటారు ఉన్న వస్తువేదైనా సరే ఆయనకు చూడకుండా నిద్రపట్టదు. అన్నం తింటూ ఫోన్లో వీడియోలు పెట్టుకునేవాడు. జ్యూసర్ కొంటే పీచంతా పోతుంది, వట్టి నీళ్ళు తాగి ఏం లాభం అని ఒకడు. బ్లెండర్లో అన్నీ కలిసి వస్తాయి, అదే అసలైన తిండి అని ఇంకొకడు. కాదు, నెమ్మదిగా తిరిగి పిండే జ్యూసరే మేలు, వేడి పుట్టదు అని మరొకడు. వాళ్ళంతా పళ్ళున్నవాళ్ళు, తళతళా మెరిసే వంటగదుల్లో నిలబడి మాట్లాడేవాళ్ళు. పళ్ళు లేక, ఉడికిన వాసన పడక, దోసముక్క చప్పరించే మనిషి గురించి ఎవరూ చెప్పలేదు.

ఈలోపు ఆమెకు లేస్తే కళ్ళు తిరగడం మొదలైంది. ఆత్మకూరు ఆసుపత్రికి బయలుదేరాం. పొద్దున బస్సుకు ముగ్గురం వెళ్ళాం. పోయేముందు అత్త పెరట్లోకి పోయి సంచి నిండా దోసకాయలు కోసుకొచ్చింది. స్నానాల గది గొట్టం బయటికి వచ్చే చోట ఆమె పెట్టిన తీగ అది. మేం పోసుకున్న నీళ్ళే దానికి నీళ్ళు. వేరే నీళ్ళు పెట్టే స్తోమత మా వీధిలో ఎవరికీ లేదు.

"ఇవెందుకమ్మా మోసుకొస్తుండావు?" అన్నాడు మా బావ.

"డాక్టరమ్మ దగ్గరికి ఒట్టి చేతుల్తో ఎట్టా పోయేది?"

డాక్టరమ్మ చిన్న వయసుది. రక్తం పరీక్ష చేయించింది. రక్తం తక్కువగా ఉందంది, మాత్రలు రాసింది. జ్వరాల తరువాత కొందరికి ఇలా వాసనలు మారిపోతాయని, ఎప్పటికి సర్దుకుంటుందో చెప్పలేమని అంది. పచ్చివి తింటానంటే తినిపించండి, బాగా కడగండి, కొబ్బరి, నానబెట్టిన వేరుశనగపప్పు లాంటి బలమైనవి కూడా ఉండేలా చూడండి అని చెప్పింది. మా బావ చేతులు కట్టుకుని, మందు గురించి అడిగినట్టే అడిగాడు.

"జ్యూసరా మేడం, బ్లెండరా?"

ఆమెకు నవ్వొచ్చింది. "అది చీటీలో రాసిచ్చేది కాదండీ. పీచు కూడా లోపలికి పోతే మంచిదే. కానీ మింగలేకపోతే ఏం మంచి? ఆమెకు ఏది దిగుతుందో చూసుకోండి."

అత్త సంచి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ వద్దనలేక ఒక దోసకాయ తీసుకుని, మిగిలినవి మీరే తినండమ్మా అని తిరిగి ఇచ్చింది. ఆ సంచి మాతోనే బజారుకు వచ్చింది.

బజారు వీధిలో మిక్సీలు, ఫ్యాన్లు అమ్మే దుకాణానికి పోయాం. ఒక ఆవిడ నడుపుతుంది. అరవై దగ్గర పడినా గట్టి మనిషి. మా బావ ఆమె దగ్గర కాపర్ వైరు తెస్తుంటాడు కాబట్టి మమ్మల్ని కూర్చోబెట్టి, రెండు మిషన్లూ దించి బల్ల మీద పెట్టింది. ఒకటి పొడుగాటి గాజు జార్ ఉన్న బ్లెండర్. ఇంకొకటి పొట్టిగా, లావుగా, పైన గొట్టం, కింద రెండు మూతులున్న జ్యూసర్.

మా బావ రెండింటినీ తలకిందులు చేసి చూశాడు. బ్లెండర్ మీద ఆయన మనసు పడింది. "దీని మోటారు కాలినా నేను కట్టగలను. ఏమీ పారబోసేది ఉండదు. ఆ రెండోది అంతా ప్లాస్టిక్ గేరు చక్రాలు. పోయిందంటే మదరాసు నుంచి రావాల."

"జారుకు వాసన పట్టదా?" అన్నాను.

"గాజు గదమ్మే. పట్టదు."

"వేడి?"

ఆయన జార్ మూత తీసి బ్లేడు వైపు చూశాడు.

"మాటలెందుకు, వేసి చూద్దాం," అంది దుకాణం ఆవిడ. "క్యారెట్లు తెప్పించేదా?"

"నా దోసకాయలు ఉండాయి," అంది అత్త.

దుకాణం ఆవిడ కత్తి, పళ్ళెం తెచ్చింది. అత్త తానే కోసింది. ప్రతి కాయకూ కొస ముక్క నాకి, చేదు లేదని నమ్మకం కుదిరాకే పళ్ళెంలో వేసింది. ముందు బ్లెండర్. స్విచ్ వేయగానే దుకాణమంతా హోరు. ముక్కలు ఒక్కసారి ఎగిరి, సుడి తిరిగి, కనురెప్ప వాల్చేలోపు లేత పచ్చని గుజ్జుగా మారిపోయాయి. పైన వేలెడు నురగ. అత్త రెండు గుక్కలు తాగింది. మూడో గుక్క గొంతులో పట్టుకుంది. దగ్గింది. వీపు రాశాను.

"బాగుండాది," అంది మొహమాటానికి. గ్లాసు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

తరువాత జ్యూసర్. ఇది మొదలైందో లేదో కూడా మాకు తెలియలేదు. లోపల ఏదో బద్ధకంగా మెదులుతున్నట్టు చిన్న శబ్దం. దుకాణం ఆవిడ గొట్టంలో ముక్కలు వేసి కర్రతో అదిమింది. ఒక మూతి నుంచి నీళ్ళు వచ్చాయి. ముందు చుక్కలుగా, తరువాత దారంలా, తరువాత తెగకుండా. గ్లాసు నిండింది. ఇంకో గ్లాసు పెట్టింది. అదీ నిండింది. రెండో మూతి నుంచి పిప్పి పొడిపొడిగా రాలుతోంది.

అత్త కుర్చీలోంచి లేచింది. బల్ల దగ్గరికి వచ్చి ఆ దారం కింద వేలు పెట్టింది. నీళ్ళు వేలి మీద నుంచి పారాయి. ఆమె వేలు తీయలేదు.

"ఇవన్నీ దీంట్లోవేనా?"

"దాంట్లోవే అమ్మా. నేనేం కలపలా, చూస్తానే ఉండారు గదా."

"చుక్క నీళ్ళు కలపలేదా?"

"లేదమ్మా."

అత్త నా వైపు తిరిగింది. "మన స్నానాల గది నీళ్ళే గదా పాపా ఇవి?"

ఆమె గ్లాసు ఎత్తి వెలుతురుకు అడ్డంగా పట్టింది. వాసన చూసింది. చట్నీల వరస మొత్తం కనిపెట్టిన ముక్కు అది. గ్లాసు దగ్గర చాలాసేపు ఉంచింది.

"సబ్బు వాసన లేదు," అంది నెమ్మదిగా. "మురికి నీళ్ళు పోస్తిమి గదరా. ఎట్టా చేసినాది ఆ తీగ?"

ఎవరిని అడిగిందో తెలియదు. మా బావ ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఎంత లోతు నుంచి నీళ్ళు తోడే మోటార్లనో విప్పి కట్టిన మనిషి. ఆయన కూడా ఆ మూతి వైపే చూస్తున్నాడు. వీధిలో ఆటోలు పోతూనే ఉన్నాయి. మేం నలుగురం ఒక దోసకాయ చుట్టూ నిలబడ్డాం. చిన్నప్పటి నుంచీ ఎన్ని దోసకాయలు కోశాను నేను. ఎండకాలం మా వీధిలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి నిలబడ్డప్పుడు, గోడ అవతల ఆ తీగ తన కాయలన్నిటిలో ఇన్ని నీళ్ళు దాచుకుని తాపీగా పడుకుని ఉందని నాకు ఎప్పుడూ తోచలేదు.

అత్త తాగింది. గ్లాసు దించకుండా తాగింది. రెండోది కూడా తాగింది. జ్వరం వచ్చిన తరువాత ఆమె గొంతులో అంత ఏకధాటిగా ఏదైనా దిగడం అదే మొదలు. మెడ దగ్గర నరం కదలడం చూస్తూ నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

తరువాత పిప్పి చేతిలోకి తీసుకుని పిడికిలి బిగించి చూసింది. చుక్క కారలేదు.

"దీన్నేం చేస్తారు?"

"పారేస్తారమ్మా."

"పారేస్తారా," అంది. కాగితం అడిగి, పిప్పి అంతా పొట్లం కట్టి సంచిలో వేసుకుంది.

జ్యూసరే కొన్నాం. బస్టాండులో కూర్చున్నప్పుడు మా బావ ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. "డాక్టరమ్మ పీచు కావాలన్నాది. మనం పీచు తీసేసే మిషన్ కొన్నాము."

"తాగింది గదా బావా."

"తాగిందిలే," అన్నాడు. అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని, బస్సు కుదుపులకు అది కదలకుండా ఉదయగిరి దాకా రెండు చేతులూ దాని మీదే ఉంచాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పొద్దులు మారిపోయాయి. అత్త స్నానం చేసి వచ్చి పీట వేసుకుని మిషన్ ముందు కూర్చునేది. ముక్కలు వేయడం ఆమె పని. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. ప్రతి దాన్నీ వేసి, ఏ రంగు వస్తుందో, ఎంత వస్తుందో చూసేది. బత్తాయి ఇచ్చినంత నీళ్ళు జామకాయ ఇవ్వదు. కొత్తిమీర కట్ట మొత్తం వేస్తే రెండు చెంచాలు వస్తాయి గాని, ఆ రెండు చెంచాలకే గ్లాసంతా పరిమళం పడుతుంది. బూడిదగుమ్మడి అయితే ఆగదు. పిండే కొద్దీ ఇస్తూనే ఉంటుంది. "ఇది కాయ కాదు పాపా, బావి," అంది ఒకసారి. మొదటిసారి బీట్‌రూట్ వేసిన రోజు ఆ ఎరుపు చూసి గ్లాసు ముట్టుకోవడానికి జంకింది. మట్టి కింద, చీకట్లో, ఎవరి కంటా పడకుండా అంత రంగు ఎవరి కోసం తయారవుతుందో.

ఆ బీట్‌రూటే మమ్మల్ని ఒకసారి హడలగొట్టింది. మధ్యాహ్నం అత్త బాత్‌రూంలోంచి నన్ను పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది.

"పాపా, నాకు రక్తం పోతుండాది. వాడికి చెప్పు."

వెళ్ళి చూశాను. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా బావకు ఫోన్ చేస్తే షెడ్డు తలుపు కూడా వేయకుండా బండి మీద వచ్చాడు. ఆత్మకూరు పోవాలా, నేరుగా నెల్లూరే పోవాలా అని వాకిట్లో మేం తర్జనభర్జన పడుతుంటే, అత్త అరుగు మీద కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. ఎందుకో ఆమె చేతి వేళ్ళ మీద పడింది నా చూపు. గోళ్ళ చుట్టూ అదే ఎరుపు. పొద్దున ముక్కలు కోసినప్పుడు అంటింది. అయినా ధైర్యం చాలక వీధి మొదట్లో ఉండే నర్సమ్మను పిలుచుకొచ్చాను. ఆమె ఏం తాగారని అడిగింది. విన్నాక, ఒకరోజు బీట్‌రూట్ మానేసి చూడండి, తెల్లబడకపోతే అప్పుడు పోదాం అంది. మరునాటికి తెల్లబడింది.

మా బావ ఆ సాయంత్రం చాలాసేపు నవ్వాడు. అత్త నవ్వలేదు. "పైనుంచి పోసిన రంగు కింది దాకా మారకుండా వచ్చిందంటే, నా లోపల అంతా ఎంత నడిచిందో చూడు అది," అంది. ఆమెకు అది భయం కాదు. తన ఒంట్లో తనకు తెలియని దారులున్నాయని మొదటిసారి తెలిసినట్టు చేత్తో పొట్ట తడుముకుంది.

ఇక పిప్పి సంగతి. మొదట్లో రోజూ అది పక్కింటి గేదెకు పోయేది. అత్త పొట్లం తీసుకుపోయి స్వయంగా తినిపించేది. గేదె తిన్నంతసేపూ అక్కడే నిలబడేది. నేను పైకి అనలేదు గాని, నాకు లోపల దిగులుగానే ఉంది. నీళ్ళు తాగి మనిషి నిలబడుతోంది, కండ పట్టడం లేదు. వేరుశనగపప్పు నానబెట్టి మెత్తగా రుబ్బి ఇస్తే చెంచా తిని వదిలేసేది. బ్లెండరే కొని ఉండాల్సిందేమో అని నాకూ అనుమానం పుట్టింది.

ఒక పొద్దున నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి అత్త పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. పళ్ళెంలో క్యారెట్ పిప్పి. దాని మీద టెంకాయ కోరు, రుబ్బిన వేరుశనగపప్పు. నిమ్మకాయ పిండి, ఉప్పు చల్లి, అన్నం కలిపినట్టు ఐదు వేళ్ళతో కలుపుతోంది. ముద్ద చేసింది. నోట్లో పెట్టుకుంది. మిషన్ ముందే నలిపేసిన పిప్పి కదా, చిగుళ్ళకు లొంగింది. నేను గడపలోనే ఆగిపోయాను. ఎన్నాళ్ళయిందో ఆమె చేత్తో ముద్ద చేసి.

సాయంత్రం చెబితే మా బావ నెత్తి కొట్టుకున్నాడు. "రసం ఒక పక్క, పిప్పి ఒక పక్క తీసి, రెండూ తినేదానికి జ్యూసర్ ఎందుకమ్మా? బ్లెండర్ ఒకేసారి చేసుండేది గదా ఆ పని."

"నీళ్ళు తాగాల, ముద్ద తినాల," అంది అత్త. "రెండూ కలిపి గొంతులో పోస్తే అది తినడమా తాగడమా? నాకు దిగలేదు, చూసినావు గదా."

గేదెకు పిప్పి ఆగిపోయింది.

ముద్ద నోట్లో పడ్డాక ఆమెకు మాటలు కూడా తిరిగి వచ్చాయి. సీతారామపురం దగ్గరి పల్లెలో మేకలు కాసుకుంటూ తిరిగిన నాటి తిండి గురించి చెప్పేది. పాలు తగ్గని సజ్జకంకులు అరచేతుల్లో నలిపి ఊదుకుని తిన్నవి, చింతచిగురు, చిట్టీత పండ్లు, నాలుక కోసేసే కలేకాయలు. ఒక కరువు ఏడాది ఇంట్లో వారాల తరబడి పొయ్యి వెలగలేదంట. కొండ ఏది పెడితే అది తిన్నారంట. మా నాయన అప్పుడు పసివాడు. ఆయనకు కొండ మీద కాసే పరికిపండ్లు నోట్లో నమిలి పెట్టింది ఈమేనంట. ఆ సంగతి మా నాయన బతికి ఉండగా నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు గుర్తుండే వయసు కాదేమో. నేను వింటూ, పళ్ళు లేని ఆ నోటి వైపు చూశాను. మా నాయన మొదటి తిండి ఆ నోటి నుంచి వచ్చింది.

తరువాతి పరీక్షలో రక్తం పెరిగింది. డాక్టరమ్మ కాగితం చూసి, అత్తను పక్క మంచం మీద పడుకోబెట్టి కళ్ళ కింది రెప్పలు లాగి చూసింది. ఏం పెడుతున్నారని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపు అత్తే మొదలుపెట్టి, ఏ కాయలో ఎన్ని నీళ్ళుంటాయో, ఏ పిప్పిలోకి ఏది కలిపితే రుచో వివరంగా చెప్పింది. బయట జనం వేచి ఉన్నారు. డాక్టరమ్మ అంతా విని, మాత్రలు మాత్రం ఆపొద్దని చెప్పి పంపింది.

ఏడాది దాటింది. ఆమెకు ఉడికిన వాసన ఇప్పటికీ పడదు. సర్దుకుంటుందని ఎదురు చూడడం మేమే మానేశాం. పెళ్ళిళ్ళకు పోతే డబ్బాలో తనది తాను తీసుకుపోతుంది. బంతిలో మాత్రం అందరితో పాటే కూర్చుంటుంది. జలదంకిలో ఒక పెళ్ళిలో ఎవరో, "ఏమ్మా, ఇంత మంచి భోజనం వదిలేసి ఆ గడ్డేంది?" అంటే, "నువ్వు తినేది కూడా మొదట గడ్డేలే," అంది శాంతంగా.

మొన్నటి వానలకు జ్వరం నాకు వచ్చింది. లేవలేక ముసుగు పెట్టుకుని పడుకున్నాను. మగతలో మిరియాల చారు వాసన తగిలింది. మా బావకు టీ పెట్టడం కూడా సరిగ్గా రాదు. ఎవరొచ్చారా అనుకుంటూ గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్ళాను.

పొయ్యి ముందు అత్త నిలబడి ఉంది. కరోనా నాటి మాస్కులు ఎక్కడ దొరికాయో, ఒకదాని మీద ఒకటి రెండు కట్టుకుని, వాటి మీద కొంగు చుట్టుకుంది. కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఒక పొయ్యి మీద అన్నం, ఒక పొయ్యి మీద చారు. గరిటె తిప్పుతూ, మధ్యలో కిటికీ దగ్గరికి పోయి బయటి గాలి ఒక్కసారి పీల్చుకుని మళ్ళీ వస్తోంది.

"అత్తా, ఎందుకు ఇదంతా? హోటల్ నుంచి తెచ్చేవాడు గదా బావ."

"పో, పడుకో," అంది మాస్కుల వెనక నుంచి. "ఉప్పు చూసేదానికి లేదు. అందాజుగా వేసినాను."

పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టి, తలుపు అవతలికి పోయి, గాలి తగిలేలా అరుగు మీద కూర్చుంది. కిటికీలోంచి ఆమె వీపు కనబడుతోంది. వేడి చారు అన్నంలో కలుపుకుని ముద్ద పెట్టుకున్నాను. ఏ కొరతా లేదు, ఉప్పు సరిగ్గా ఉంది. నాలుక మీద పెట్టకుండా, వాసన చూడకుండా చేసిన చారు అది.

"ఎట్టుండాది?" అని అడిగింది, వెనక్కి తిరగకుండానే.

"బాగుండాది అత్తా."

"అయితే ఇంగొంచెం పెట్టుకో," అంది.